సాక్షుల విహారయాత్ర

బస్సు ఊరు దాటకముందే మా సోషల్ టీచర్ ముందు సీటు పట్టుకుని నిలబడి నియమాలు చెప్పడం మొదలుపెట్టారు. పార్లమెంటు గ్యాలరీలో లేచి నిలబడకూడదు. రెయిలింగ్ మీద నుంచి వంగి చూడకూడదు. ఎవర్నీ వేలు పెట్టి చూపించకూడదు. చప్పట్లు కొట్టకూడదు. కింద ఎవరేం మాట్లాడినా, నవ్వొచ్చినా ఏడుపొచ్చినా మింగేయాలి.

"తుమ్ము వస్తే టీచర్?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"ఇంటికి తీసుకెళ్లి అక్కడ తుమ్ముకో," అన్నారు టీచర్. బస్సంతా గొల్లుమంది.

"మరి ఈల?" అని నా పక్కనున్న పిల్ల అమాయకంగా మొహం పెట్టి అడిగింది.

"గార్డూ! నీ రెండు వేళ్లూ జేబులోంచి బయటికి వచ్చాయంటే బస్సులోనే కూర్చోబెడతాను."

దానికి గార్డు అని పేరు పెట్టింది నేనే. మా ఊరికీ కొండ అవతలి ఊళ్లకీ మధ్య తిరిగే చిన్న రైలుకి వాళ్ల నాన్న గార్డు. అది కూడా ఆయనలాగే ఈల వేసేది, కాకపోతే నోట్లో రెండు వేళ్లు పెట్టుకుని. మా బడిలో చాలామంది ఆ రైల్లోనే వచ్చేవాళ్లు. రైలు ఆలస్యమైతే మొదటి పీరియడ్‌లో సగం బెంచీలు ఖాళీగా ఉండేవి, మేం ఊళ్లోవాళ్లం ఆ రోజు హాయిగా కబుర్లు చెప్పుకునేవాళ్లం.

ఆ రోజు సభలో ఓటుకి రాబోతున్నది ఆ రైలు సంగతే. నష్టాల్లో నడుస్తున్న చిన్న లైన్లన్నీ మూసేయాలని ప్రభుత్వం బిల్లు పెట్టింది. కొండ చుట్టూ తిరిగి రోడ్డు మీద రావాలంటే బడి గంట కొట్టే సమయానికి చేరడానికి చీకటితోనే బయలుదేరాలి, అది కూడా బస్సంటూ ఉంటే. రైలు ఆగిపోతే గార్డు వాళ్ల నాన్నని ఎక్కడో దూరాన పడేస్తారు. అది మా బడి, నా బెంచీ వదిలేసి వెళ్లిపోతుంది. మాకది ఆఖరి సంవత్సరం. ఒకటో తరగతి నుంచీ ఒకే బెంచీ మీద కూర్చుని, పొట్లాడుకుని, మాట్లాడటం మానేసి, మళ్లీ కూర్చున్నవాళ్లం. అది లేని బడి ఎలా ఉంటుందో ఊహించుకోవడం కూడా నాకిష్టం లేదు.

అయినా నాకు భయం లేదు. మా ఊరి నుంచి పార్లమెంటుకి ఎన్నికైన సభ్యురాలు మా అమ్మే కదా! స్టేషన్లో బెంచీ ఎక్కి నిలబడి, "ఈ రైలు ఆగాలంటే ముందు నేను ఆగాలి," అని అమ్మ అన్నప్పుడు ప్లాట్‌ఫారమంతా దద్దరిల్లిపోయింది. గార్డు వేసిన ఈలకి పక్కనున్నవాళ్లు చెవులు మూసుకున్నారు. ఆ పూట నేను నేల మీద నడవలేదు.

ఒక్కటే చిక్కు. ఓటింగ్ రోజున అమ్మ సభలో ఉండదు. అదే రోజు అమ్మమ్మకి కంటి ఆపరేషన్. ఆ సంగతి ముందు రోజు రాత్రి భోజనాల దగ్గర చెప్పింది. నాకసలే ముక్కు మీద కోపం. కంచం ముందు నుంచి లేచిపోయాను.

"ఆ కన్నుకి రేపే దొరికిందా?"

"మెల్లగా! అమ్మమ్మ వింటుంది. ఆ డాక్టరు మళ్లీ ఎప్పుడు దొరుకుతాడో తెలీదు. నేను పక్కన లేకపోతే ఆవిడ టేబులెక్కదు," అంది అమ్మ. "కూర్చో. నా ఓటు ఎక్కడికీ పోదు. జత కట్టాను."

జత అంటే ఏమిటో అప్పుడు చెప్పింది. సభలో ఈ పక్షంలో ఒకరు తప్పనిసరై రాలేకపోతే, ఎదుటి పక్షంలో ఒకరు వచ్చి కూడా ఓటు వేయకుండా కూర్చుంటారు. ఇటు ఒకటి తగ్గితే అటు ఒకటి తగ్గుతుంది, తేడా రాదు. దీనికి కాగితం ఉండదు, సంతకం ఉండదు. మాట ఉంటుంది. ఎంత తిట్టుకున్నా సభలో ఆ మాట ఎవరూ తప్పరు.

"నీ జత ఎవరు?"

"ఇంకెవరు? మీ దగ్గు మామయ్య."

ఆ మాటతో నా ప్రాణం లేచొచ్చింది. దగ్గు మామయ్య అమ్మకి తోడబుట్టినవాడు కాదు, లా కాలేజీలో తోటి విద్యార్థి. ప్రభుత్వ పక్షం. పొద్దున సభలో ఇద్దరూ ఒకరి మీద ఒకరు ఒంటికాలి మీద లేచేవాళ్లు. సాయంత్రం ఆయన మా వంటగదిలో స్టూలు మీద కూర్చుని, డబ్బాలు మూతలు తీసి చూసుకుంటూ, ఉన్నవన్నీ ఖాళీ చేసేవాడు. నోరు విప్పే ముందు రెండుసార్లు దగ్గడం ఆయన అలవాటు. ఆ దగ్గు వినే నేను వీధి తలుపు తీసేదాన్ని. మా క్లాసు మొత్తానికి గ్యాలరీ పాసులు ఇప్పించింది కూడా ఆయనే.

అందుకే బస్సులో గార్డుకి గట్టిగా చెప్పాను. "మీ రైలు ఎక్కడికీ పోదే. మా అమ్మ లేకపోయినా లెక్క లెక్కే. నాది పూచీ."

"నువ్వు చెప్పావుగా, ఇంక నాకేం భయం," అంది అది. ఆ తర్వాత దారి పొడుగునా నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది.

గ్యాలరీ సినిమాహాలు బాల్కనీలా ఏటవాలుగా ఉంది. చెక్కకి పట్టిన పాలిష్ వాసన. ప్రతి వరస చివరా ఒక వార్డెనమ్మ, మా చేతులు ఎక్కడున్నాయో చూస్తూ. కింద సభ్యుల్లో ఒకాయన ఫైలు మధ్యలో పేపరు పెట్టుకుని చదువుకుంటున్నాడు. ఒకావిడ పక్కావిడ చెవి కొరుకుతోంది. వెనక వరసలో ఒక పెద్దాయన నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. మా హెడ్మిస్ట్రెస్ చూసి ఉంటే సగం సభని బెంచీ ఎక్కించేది. రైల్వే మంత్రి లేచి లైన్ల పేర్లు ఒక్కొక్కటీ చదివాడు. మా లైను పేరు వచ్చినప్పుడు ఆయన గొంతులో ఏ తేడా లేదు, పక్కనున్న గ్లాసు ఎత్తి ఓ గుక్క నీళ్లు తాగి తర్వాతి పేరుకి వెళ్లాడు. గార్డు నా చెయ్యి పట్టుకుంది.

గంట మోగింది. క్యాంటీన్‌లో ఉన్నవాళ్లు మూతులు తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చారు. తలుపులు మూసేశారు. సభాధ్యక్షుడి కుర్చీకి చెరో పక్కా ఒక గుమ్మం ఉంది. బిల్లు కావాలన్నవాళ్లు కుడి గుమ్మంలోంచి, వద్దన్నవాళ్లు ఎడమ గుమ్మంలోంచి వెళ్లాలి, గుమ్మాల దగ్గర నిలబడ్డవాళ్లు లెక్కపెడతారు. ఓటు వేయనివాళ్లు కూర్చున్న చోటే ఉండిపోవాలి.

సభ ఖాళీ అవుతోంది. అమ్మ సీటు ఖాళీగా ఉంది. ఎదుటి వైపు దగ్గు మామయ్య తల వంచుకుని, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"చూశావా? కదలడు," అన్నాను గార్డు చెవిలో.

అందరూ దాదాపు వెళ్లిపోయాక, ఆ నిశ్శబ్దంలో దగ్గు వినిపించింది. రెండుసార్లు. మామయ్య లేచాడు. కాళ్లు తిమ్మిరెక్కి లేచాడేమో అనుకున్నాను. బల్లల మధ్య నుంచి నడుస్తుంటే నీళ్ల కోసమేమో అనుకున్నాను. కుడి గుమ్మం ముందు నిలబడ్డప్పుడు కూడా వెనక్కి తిరుగుతాడనే అనుకున్నాను. ఆయన లోపలికి వెళ్లిపోయాడు.

సభ్యులంతా తిరిగొచ్చి కూర్చున్నాక అధ్యక్షుడు ఫలితం చదివాడు. ఒక్క ఓటు తేడాతో బిల్లు నెగ్గింది.

టీచర్ మొహం పాలిపోయింది. "ఆయన కూర్చునే ఉంటే రెండు పక్షాలూ సమానమయ్యేవి," అన్నారు మెల్లగా. "అప్పుడు అధ్యక్షుడు ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచాలి. బిల్లు పోయేది."

"అయిపోయిందా టీచర్?" అని అడిగింది గార్డు. "అంతేనా? మళ్లీ వెయ్యరా?"

నాకు ఒళ్లు మండిపోయింది. లేచి నిలబడ్డాను, రెయిలింగ్ మీదకి వంగాను, వేలు పెట్టి చూపించాను. టీచర్ చెప్పిన నియమాల్లో ఒక్కటి కూడా మిగల్చలేదు.

"మామయ్యా! మాటిచ్చావు కదా! దొంగా!"

సభంతా తలెత్తింది. వచ్చి మళ్లీ నిద్రపోయిన పెద్దాయన కూడా. వార్డెనమ్మ నా మోచెయ్యి పట్టుకుని బయటికి నడిపించింది.

కింద పొడుగాటి నడవలో, పాత అధ్యక్షుల ఫొటోల కింద ఒక బల్ల మీద నన్ను కూర్చోబెట్టి, మా వాళ్లు దిగేదాకా కదలొద్దని చెప్పి వెళ్లింది. కాసేపటికి దగ్గు వినిపించింది. మామయ్య నన్నే వెతుక్కుంటూ వచ్చాడు.

"దొంగ అన్నావు," అన్నాడు.

"అన్నాను. మళ్లీ అంటాను. మా ఇంట్లో తిని, మా అమ్మ ఆసుపత్రిలో ఉంటే వెన్నుపోటు పొడుస్తావా? గార్డు బడి మానేస్తుంది, తెలుసా నీకు? ఇంక మా గుమ్మం తొక్కకు."

ఆయన నా పక్కన కూర్చున్నాడు.

"తొక్కను," అన్నాడు. "అది కూడా అనుకున్నదే."

"ఎవరు అనుకున్నారు?"

అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నిన్న సాయంత్రం మీ అమ్మే ఫోన్ చేసింది. జత వదిలేస్తున్నాను, నువ్వెళ్లి ఓటు వేసుకో, రేపు నేను నిన్ను నలుగురిలో తిడతాను, ఏమీ అనుకోకు, అంది."

"అబద్ధం!"

"సభ ఉపాధ్యక్షుడి కుర్చీ ఖాళీ అవుతోంది. అది మీ అమ్మకిస్తామని మావాళ్లు మాటిచ్చారు. బిల్లుకి అడ్డంగా ఓటేస్తే ఆ కుర్చీ పోతుంది. అనుకూలంగా వేస్తే మీ ఊళ్లో అడుగుపెట్టలేదు. అసలు రాకపోతే ఏ గొడవా లేదు. కాకపోతే మోసం చేసినవాడు ఒకడు కావాలి. నేనెలాగూ వచ్చే ఎన్నికల్లో నిలబడటం లేదు. నాలుగు తిట్లు పడితే నాకు పోయేదేముంది అనుకున్నాను." మళ్లీ దగ్గాడు. "పైనుంచి నువ్వు అరుస్తావని నాకెవరూ చెప్పలేదు."

"మా అమ్మ అలాంటిది కాదు. నువ్వు చేసింది మా అమ్మ మీదకి తోస్తున్నావు."

మామయ్య జేబులోంచి ఫోన్ తీసి నా చేతిలో పెట్టాడు. "ఇంటికి చెయ్యి."

"ఇంట్లో ఎవరుంటారు? అందరూ ఆసుపత్రిలో ఉంటే?"

"చెయ్యమ్మా."

చేశాను. ఎవరూ ఎత్తకూడదని నేను కోరుకున్నంతగా ఇంకెవరూ ఎప్పుడూ కోరుకుని ఉండరు. మూడో రింగుకే ఎత్తారు.

"ఎవరూ?" అంది అమ్మమ్మ.

"నేనే అమ్మమ్మా. ఆపరేషన్..."

"ఎక్కడి ఆపరేషనే తల్లీ! నిన్ననే మీ అమ్మ డాక్టరుకి ఫోన్ చేసి వాయిదా వేయించిందిగా. నీకు చెప్పలా? పోనీలే, నాకూ గుండె దడ తగ్గింది. కడుపు నిండా తిని కూర్చున్నా."

"అమ్మ ఏం చేస్తోంది?"

"నువ్వెళ్లిన దగ్గర్నుంచీ ఇస్త్రీ బల్ల దగ్గరే ఉంది. సాయంత్రం పత్రికలవాళ్లు వస్తారట. ఇది బాగుంటుందా, అది బాగుంటుందా అని నన్నడుగుతోంది. ఈ మసక కళ్లకి రంగులేం తెలుస్తాయే? పిలవనా?"

"వద్దు," అన్నాను. "వద్దమ్మమ్మా."

మేం బస్సెక్కి నవ్వుకుంటున్నప్పుడే, ఆ గంట ఇంకా మోగకముందే, ఓడిపోయాక వేసుకోవాల్సిన బట్టలు మా ఇంట్లో ఇస్త్రీ అవుతున్నాయి. అమ్మ చేతి అన్నం, అమ్మ వేసిన జడ, రాత్రి కంచం ముందు ఓపిగ్గా జత అంటే ఏమిటో చెప్పిన ఆ గొంతు, అన్నీ ఒక్కసారి అసహ్యమనిపించాయి.

మామయ్య ఫోన్ తీసుకుని జేబులో వేసుకున్నాడు. "నేను చెప్పానని మాత్రం చెప్పకు," అన్నాడు లేస్తూ. అప్పటిదాకా ఆయన మీద కాస్త జాలి ఉండేది. ఆ మాటతో అదీ పోయింది. తన మనసులో బరువు ఒక బడిపిల్ల నెత్తిన పెట్టేసి, చేతులు దులుపుకుని వెళ్లిపోయాడు.

తిరుగు ప్రయాణంలో బస్సంతా మామయ్యకి శాపనార్థాలే. దగ్గి దగ్గి గొంతు పూడిపోవాలని ఒకత్తి, రైలు పట్టాల మీద చెప్పుల్లేకుండా నడిపించాలని ఇంకొకత్తి. టీచర్ వచ్చి నా తల నిమిరారు. గ్యాలరీలో అరిచినందుకు ఒక్క మాట కూడా అనలేదు.

"మీ అమ్మగారు పాపం ఎంత ఆశపడ్డారో!" అన్నారు. "ఈ యాత్ర మనం వచ్చే నెలలో కదా అనుకున్నాం. ఆవిడే ఫోన్ చేసి, ఈ రోజుకి మార్చండి, పిల్లలు ఓటింగ్ కళ్లారా చూడాలి, అన్నారు."

టీచర్‌కి అదొక మంచి మాట. నాకు మాత్రం అసలు సంగతి అప్పుడే అర్థమైంది. మమ్మల్ని చూడమని తీసుకెళ్లలేదు. చూశామని చెప్పించడానికి తీసుకెళ్లారు.

గార్డు కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తోంది. ఏడవలేదు.

"నాన్నని ఎక్కడికి వేస్తారో," అంది. "నేను అత్తయ్య వాళ్లింట్లో ఉండి చదువుకోవాలేమో. అక్కడ బడి ఎలా ఉంటుందో." నా వైపు తిరిగింది. "మీ అమ్మ ఆసుపత్రిలో కూర్చుని ఈ వార్త విని ఉంటుంది కదే. అటు అమ్మమ్మ కన్ను, ఇటు ఇది. నువ్వు ఇంటికెళ్లి ఆవిడతో పోట్లాడకు. ఆవిడ తప్పేముంది?"

చెబుదామని నోరు తెరిచాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. మొహం పక్కకి తిప్పుకున్నాను. నేను ఏడుస్తున్నాననుకుని అది నన్ను ఓదార్చింది.

బస్సు బడి ఆవరణలోకి వచ్చేసరికి అక్కడ జనం. తల్లిదండ్రులు, కెమెరాలు, మైకులు. యూనిఫాంలోనే వచ్చిన గార్డు వాళ్ల నాన్న, టోపీ చేతిలో పట్టుకుని ఒక పక్కగా నిలబడ్డాడు. మధ్యలో అమ్మ. లేత బూడిదరంగు బట్టలు, చేతుల మీద ఇస్త్రీ మడతలు కత్తిలా ఉన్నాయి. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. అవి గ్లిజరిన్ కన్నీళ్లని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అమ్మకి నిజంగానే ఏడుపొచ్చింది. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

నన్ను కాదు, ముందు గార్డుని దగ్గరికి లాక్కుంది.

"నిన్ను కాపాడలేకపోయానమ్మా," అంది.

అంతే, పొద్దున్నుంచీ బిగబట్టుకున్న గార్డు భోరుమంది. అమ్మ భుజం మీద మొహం పెట్టుకుని, "మీరేం చేస్తారాంటీ, మీరేం చేస్తారు," అంటూ వెక్కుతోంది. వాళ్ల నాన్న ముందుకొచ్చి, "మా కోసం మీరు పడ్డ శ్రమ మేం మర్చిపోం మేడం," అన్నాడు. అమ్మ ఆయన మొహంలోకి సూటిగా చూసి తల ఊపింది. కాస్తైనా తడబడుతుందేమోనని చూశాను. తడబడలేదు.

తర్వాత మైకుల వైపు తిరిగింది. "ఒక మనిషి మాట నమ్మి నేను మా అమ్మ పక్కన ఉండిపోయాను. ఆయన మోసం చేసింది నన్ను కాదు, ఈ పిల్లల్ని. నేను చెబితే రాజకీయం అంటారు. నా మాట నమ్మకండి. ఈ పిల్లలు గ్యాలరీలో కూర్చుని కళ్లారా చూశారు. మా అమ్మాయినే అడగండి."

ఒక చేత్తో గార్డుని పట్టుకునే, ఇంకో చెయ్యి నా భుజం చుట్టూ వేసి దగ్గరికి తీసుకుంది. వేడి ఇస్త్రీ వాసన. వంగి, నాకు మాత్రమే వినపడేట్టు, "చూసింది చూసినట్టు చెప్పు తల్లీ. అంతే చాలు," అంది.

అమ్మ నన్ను అబద్ధం చెప్పమనలేదు. నాకు అబద్ధం చెప్పడం రాదని ఆవిడకి తెలుసు, ఆ గుణం నమ్ముకునే నన్ను అక్కడ నిలబెట్టింది. చిన్నప్పుడు నిజం చెబితే కొట్టనని నేర్పింది కూడా ఆవిడే. ఆ నేర్పిందాన్ని ఇలా వాడుకుంటుందని నేను కల్లో కూడా అనుకోలేదు.

మైకులన్నీ నా మొహం ముందుకొచ్చాయి.

"చూశాను," అన్నాను. "అందరూ వెళ్లిపోయాక మామయ్య లేచాడు. కుడి గుమ్మంలోంచి వెళ్లి ఓటేశాడు."

అమ్మ చెయ్యి నా భుజాన్ని మెల్లగా నిమిరింది, బాగా చెప్పావన్నట్టు.

"ఆ తర్వాత నేను మా ఇంటికి ఫోన్ చేశాను," అన్నాను. "అమ్మమ్మ ఎత్తింది."

భుజం మీద చెయ్యి కదలడం మానేసింది. ఒక విలేకరి రాస్తున్నవాడల్లా ఆగి తలెత్తాడు. "పిల్ల అలిసిపోయింది, ఇంక చాలు," అంది అమ్మ, నవ్వబోయి. నేను అమ్మ వైపు చూడలేదు. చూస్తే ఆగిపోయేదాన్ని.

అమ్మ రెండో చేతి కింద నుంచి గార్డు తలెత్తింది. మొహమంతా తడి. అమ్మ బట్టల మీద దాని కన్నీళ్ల మరక.

"ఆసుపత్రిలో కదా ఉండాల్సింది," అంది అర్థంకాక. "అమ్మమ్మ ఏమందే?"

మైకుల్ని పక్కకి తోసి, దాని వైపు తిరిగి, ఒక్కొక్క మాటే చెప్పాను.